‘ఇంకెంతుంది పని?’ బర్న్‌డౌనా, బర్న్‌అప్పా, ఉత్త కార్డుల లెక్కా: ఏ టీముకు ఏది సరిపోతుంది

‘‘ఏందయ్యా, ఇంకెంతుంది పని?’’

ప్రతి సోమవారం పొద్దున పదిన్నరకి, మేమింకా టీ గ్లాసులు కింద పెట్టకముందే, గుంటూరు నుంచి కోల్డ్ స్టోరేజీ ఓనరు గారి ఫోన్. మాది విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర రెండో అంతస్తులో చిన్న ఆఫీసు. ఆరుగురం. ఆయనకి చేస్తున్నది మిర్చి టిక్కీల స్టాకు, అద్దె, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్. ‘‘చాలావరకు అయిపోయిందండీ, ఓ పది శాతం ఉంది’’ అన్నాను. వరసగా మూడు సోమవారాలు అదే పది శాతం విన్నాక ఆయన నవ్వేసి, ‘‘మీ పది శాతం మా లారీ డ్రైవర్ల పావుగంట లాంటిదే కదయ్యా’’ అన్నారు.

శాతాల సంగతి ఇక్కడితో వదిలేద్దాం. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కార్గిల్ పేరు మీద ఒక చురక 1985 నుంచీ ప్రోగ్రామర్ల నోళ్లలో నానుతోంది. మొదటి 90 శాతం కోడు రాయడానికి 90 శాతం సమయం పడుతుందట, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం పడుతుందట. నేను శాతం చెప్పిన ప్రతిసారీ జరిగింది అదే. కాబట్టి ఈ పోలికలో శాతానికి చోటు లేదు. మిగిలిన పనిని లెక్కపెట్టే పద్ధతులు ఐదు ఉన్నాయి. ఐదూ వాడాను. రెండింటితో దెబ్బ తిన్నాను.

ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

అడిగేది ఎవరు? టీము తన కోసం చూసుకునే లెక్కలో ఈ విడత పది పనిదినాల సంగతి ఉండాలి. క్లయింటుకు అది అక్కర్లేదు, ‘కొత్త కాయ యార్డుకొచ్చేలోపు చేతికొస్తుందా రాదా’ అన్నదే కావాలి. ఒకే గ్రాఫుతో ఇద్దరినీ ఒప్పిద్దామనుకుంటే ఇద్దరికీ అర్థం కాదు.

పని మధ్యలో పెరుగుతుందా? నాలుగింటిలో పెద్దది ఇదే. కాంట్రాక్టు రాసుకుని, అందులో ఉన్నదే చేసేవాళ్లకి ఒక దారి. ‘‘ఆ చేత్తోనే వాట్సాప్‌లో బిల్లు కూడా పంపేలా పెట్టండి’’ అని వారానికోసారి అనే క్లయింటు ఉన్నవాళ్లకి ఇంకో దారి. విజయవాడ, గుంటూరుల్లో చిన్న కంపెనీలకి దొరికే పనుల్లో నేను చూసినవన్నీ రెండో రకమే.

లెక్క రాయడానికి రోజూ ఎంతసేపు పడుతుంది? ఆరుగురు తలా పది నిమిషాలు గంటలు దిద్దుకుంటూ కూర్చుంటే, రెండు వారాల స్ప్రింట్‌లో (పనిని విడతలుగా చేస్తాం, ఒక్కో విడత పేరు అది) పది పనిదినాలకి 10 గంటలు పోతాయి. ఒక మనిషికి రోజు పైన.

ఇక నాలుగోది ఎవరూ అడగరు. ఆ లెక్కలో అబద్ధం ఎక్కడ దాక్కుంటుంది? ప్రతి పద్ధతికీ ఒక చీకటి మూల ఉంటుంది. అది మీ ఆఫీసులో ఎవరికి అవసరమో ఆలోచించండి.

గంటల బర్న్‌డౌన్

పనిని ఇలా స్ప్రింట్లుగా చేసే స్క్రమ్ పద్ధతి పెట్టిన ఇద్దరిలో ఒకరైన కెన్ ష్వేబర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రాఫు ఇది. నిలువుగా మిగిలిన గంటలు, అడ్డంగా రోజులు. గీత పైన ఎడమ మూలలో మొదలై కింద కుడి మూలకు దిగాలి.

దీన్ని చాలామంది తప్పుగా వాడతారు, నేనూ వాడాను. 8 గంటల పని, ఇవాళ 5 గంటలు చేశాం, కాబట్టి మిగిలింది 3. ఇది తీసివేత, అంచనా కాదు. అడగాల్సిన ప్రశ్న ‘ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి, ఇక్కణ్ణుంచి ఇంకెంతసేపు?’. మైక్రోసాఫ్ట్ వాళ్ల పని లెక్కల టూలు అజ్యూర్ బోర్డ్స్‌లో ఒక టాస్క్‌కి మొదటి అంచనా, మిగిలిన పని, అయిన పని అని మూడు వేర్వేరు గడులు ఉన్నది అందుకే. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మూడోది వస్తుందని వాళ్లూ అనుకోలేదు.

మా దగ్గర ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి రావాలనే పని ఒకటుండేది. అంచనా 8 గంటలు. ఐదు గంటలు కూర్చున్నాక తేలిందేమిటంటే, ఆ కాటా అంకెల్ని మేమనుకున్న వరసలో పంపడం లేదు, మధ్యలో చెత్త అక్షరాలు కలుపుతోంది. మా కుర్రాడు నిజాయితీగా మిగిలినది 12 అని రాశాడు. మర్నాడు గీత కిందికి దిగాల్సింది పోయి పైకి లేచింది. నేను అందరి ముందూ ‘‘ఇదేంటి, వెనక్కి నడుస్తున్నామా?’’ అన్నాను. ఆ తర్వాత రెండు స్ప్రింట్లు మా గీత ఎంత చక్కగా దిగిందో చెప్పలేను, స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ రెండు స్ప్రింట్లలోనూ చివరి రోజు రాత్రి పదకొండు దాకా ఆఫీసులోనే ఉన్నాం. తప్పు కుర్రాడిది కాదు, ఆ ఒక్క మాటతో అందరి అంకెలూ మార్చేసింది నేనే.

గంటల లెక్క టీముకి లోపల, ఒక్క స్ప్రింట్ వరకు పనికొస్తుంది. అదీ చేతికి కొత్తవాళ్లు ఎక్కువున్నప్పుడు, ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో రోజూ తెలియాల్సినప్పుడు. క్లయింటుకి మాత్రం చూపించకండి. మనిషి గంటలు చూడగానే రేటుతో గుణిస్తాడు.

పాయింట్ల బర్న్‌డౌన్

గంటల బదులు స్టోరీ పాయింట్లు. స్టోరీ అంటే వాడేవాళ్లకి పనికొచ్చే ఒక చిన్న పని, పాయింట్లంటే దాని సైజుకి టీము వేసుకునే అంకె. ఒక స్టోరీ పూర్తిగా అయితేనే దాని పాయింట్లు దిగుతాయి, సగం అయితే సున్నా. అందుకని గీత మెట్లు మెట్లుగా ఉంటుంది. మా గీత మెట్లలా కూడా ఉండేది కాదు. ఎనిమిది రోజులు ఇంద్రకీలాద్రి పైన రోడ్డులా సమంగా వెళ్లి, తొమ్మిదో రోజున ఘాట్‌లోకి దూకేసేది. కారణం వెతికితే, స్టోరీలు మరీ పెద్దవి, అందరం ఒకేసారి అన్నీ మొదలుపెడుతున్నాం. గ్రాఫు సరిగ్గానే చెప్పింది, మేమే దాని ముఖం బాగోలేదనుకున్నాం.

దీంట్లో అబద్ధం ‘అయింది’ అనే మాటలో దాక్కుంటుంది. కోడు రాసినవాడికి అయిపోవడం, టెస్టింగ్ చూసే అమ్మాయికి అయిపోవడం, క్లయింటుకి అయిపోవడం మూడు వేర్వేరు రోజులు. మేము గోడ మీద రాసి పెట్టుకున్నాం: ‘ఓనరు గారి ప్రింటర్లో బిల్లు బయటికొస్తేనే అయినట్టు’. ఆ కాగితం అంటించిన స్ప్రింట్‌లో మా పాయింట్లు సగానికి పడిపోయాయి. అంటే అంతకుముందు సగం గాల్లోనే ఉన్నాయన్నమాట.

ఇంకో మాట. స్టోరీ పాయింట్లు బహుశా తానే కనిపెట్టి ఉండొచ్చని, అలాగైతే అందుకు ఇప్పుడు చింతిస్తున్నానని రాన్ జెఫ్రీస్ రాశారు. సాఫ్ట్‌వేర్ ఎలా చేయాలో చెప్పే ప్రకటన ఎజైల్ మేనిఫెస్టో మీద 2001లో సంతకం పెట్టిన 17 మందిలో ఆయనొకరు. పాయింట్లు రెండు టీములను పోల్చే కొలబద్దగా మారిన చోట ఆయన మాట గుర్తుకొస్తుంది. పక్క టీము 40 చేసింది, మీరు 28 చేశారేమిటని ఎవరైనా అడిగారా, వచ్చే స్ప్రింట్‌కి మూడు పాయింట్ల పని ఐదు పాయింట్లవుతుంది.

బర్న్‌అప్

వానాకాలం పేపర్లో ప్రకాశం బ్యారేజీ లెక్క చూస్తుంటారు కదా. నీటిమట్టం 12 అడుగులు, నిల్వ 3.07 టీఎంసీలు, ఇన్‌ఫ్లో ఇంత, ఔట్‌ఫ్లో ఇంత. మట్టం ఒక్కటే చూస్తే నిన్నా 12, ఇవాళా 12, ఏమీ జరగనట్టే ఉంటుంది. కిందనేమో గేట్లలోంచి లక్షల క్యూసెక్కులు పోతుంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఇన్‌ఫ్లో 11.43 లక్షల క్యూసెక్కులకి చేరి, 70 గేట్లూ ఎత్తిన రోజున ఈ ఊళ్లో ఎవరూ ‘మట్టం ఎంత’ అని మాత్రమే అడగలేదు. పై నుంచి ఎంత వస్తోంది, కిందికి ఎంత వదులుతున్నారు, అవీ అడిగారు.

బర్న్‌డౌన్ అంటే మట్టం ఒక్కటే రాసి ఊరుకోవడం. బర్న్‌అప్‌లో గీతలు రెండు. కింది గీత పూర్తయిన పని, పై గీత మొత్తం పని. రెంటి మధ్య ఖాళీయే మిగిలినది. ఈ తేడా ఎంతో తెలియడానికి మా లెక్కే ఇస్తున్నాను. 48 స్టోరీలతో మొదలుపెట్టాం, స్ప్రింట్ రెండు వారాలు.

| స్ప్రింట్ | పూర్తయినవి | కొత్తగా చేరినవి | మిగిలినవి | మొత్తం |
|---|---|---|---|---|
| మొదట్లో | – | – | 48 | 48 |
| 1 | 7 | 3 | 44 | 51 |
| 2 | 6 | 5 | 43 | 56 |
| 3 | 8 | 6 | 41 | 62 |
| 4 | 5 | 4 | 40 | 66 |

‘మిగిలినవి’ వరస ఒక్కటే చూడండి. ఎనిమిది వారాల్లో 48 నుంచి 40కి వచ్చాం. ఇలా అయితే ఇంకో 20 స్ప్రింట్లు, అంటే 40 వారాలు. ఆ గ్రాఫు చూసిన ఎవరైనా ఈ ఆరుగురూ పడుకుంటున్నారనే అనుకుంటారు. ఇప్పుడు పక్క వరసలు చూడండి. స్ప్రింట్‌కి సగటున 6.5 స్టోరీలు పూర్తవుతున్నాయి, 4.5 కొత్తవి చేరుతున్నాయి. కొత్తవి ఆగితే మిగిలిన 40కి 7 స్ప్రింట్లు, 14 వారాలు. 14కీ 40కీ మధ్య తేడా మా చేతుల్లో లేదు.

ఈసారి ఫోన్లో చెప్పలేదు. రెండు గీతలూ రంగుల్లో ప్రింటు తీసుకుని గుంటూరు వెళ్లాను. కోల్డ్ స్టోరేజీ పైన ఆయన గది, మెట్లెక్కుతుంటేనే ఘాటుకి తుమ్ములు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం కాసేపు చూశారు.

‘‘ఈ కింది గీత ఎవరిది?’’

‘‘మాదండీ.’’

‘‘పైది?’’

‘‘మీది.’’

ఇంకేం మాట్లాడలేదు. గుమాస్తాని పిలిచి జాబితా చదివించుకున్నారు. ‘‘ఈ రిపోర్టు ఎవడు చూస్తాడ్రా? కొట్టెయ్. ఇది వచ్చే ఏడు చూద్దాం.’’ 11 పోయాయి, 29 మిగిలాయి. ఆ లెక్కన 5 స్ప్రింట్లు, 10 వారాలు. తర్వాతి సోమవారం ఫోన్ చేసి రెండు మళ్లీ చేర్చారు, అది వేరే సంగతి. కానీ ఈసారి చేర్చేముందు ‘‘పై గీత ఎంత లేస్తుందయ్యా’’ అని అడిగారు.

చిక్కు లేకపోలేదు. పై గీత వేలెత్తి చూపిస్తుంది. క్లయింటుతో చనువు లేనిచోట మొదటి మీటింగులోనే ఇది తెరపై వేస్తే తప్పు తన మీదికి నెడుతున్నారనుకుంటాడు. ఇంకోటి, టీము మరిచిపోయిన పని, తప్పుల దిద్దుబాటు కూడా ‘కొత్తగా చేరినవి’లోకి తోసెయ్యడం తేలిక. దీని చీకటి మూల అదే. మేము మా పొరపాట్లకి వేరే రంగు పెట్టుకున్నాం.

క్యుములేటివ్ ఫ్లో

ఒక్కో స్టోరీకి ఒక కార్డు రాసి, చేయాల్సినవి, చేస్తున్నవి, టెస్టింగ్, అయినవి అని గడులున్న బోర్డు మీద పెడతాం. ఆ బోర్డు మీద ప్రతి గడిలో ఎన్ని కార్డులున్నాయో రోజూ లెక్కపెట్టి, ఒకదానిపై ఒకటి రంగు పట్టీలుగా వేసే చిత్రం. సపోర్టు, మెయింటెనెన్స్ చేసే టీములకి ఇది బాగా కుదురుతుంది. వాళ్లకి ‘అంతా అయిపోవడం’ అనేది ఉండదు, రోజూ టికెట్లు, అంటే ఫిర్యాదులు, చిన్న మార్పులు అడిగే చీటీలు, వస్తూనే ఉంటాయి. వాళ్లని మిగిలిన పని ఎంత అని అడగడం కృష్ణలో నీళ్లు ఎప్పుడైపోతాయని అడగడమే. వాళ్లు చెప్పగలిగింది ఒక టికెట్ ఎన్నాళ్లు పడుతుందన్నదే. దానికి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఉంది. సగటున చేతిలో ఉన్నవాటిని రోజుకి అయ్యేవాటితో భాగించాలి. 12 టికెట్లు నడుస్తున్నాయి, రోజుకి 3 మూసేస్తున్నారు, అంటే ఒక్కో టికెట్‌కి 4 రోజులు. త్వరగా కావాలంటే మూసేవి పెరగాలి, లేదా ఒకేసారి పట్టుకునేవి తగ్గాలి. రెండోదే చవక.

పట్టీల్లో ఏది లావెక్కుతుందో కనిపిస్తుంది. మా టెస్టింగ్ అమ్మాయి పెళ్లికని వారం ఊరెళ్లింది. బందరు కాల్వంత ఉండే టెస్టింగ్ పట్టీ ఆమె వచ్చేసరికి కృష్ణంత అయింది. బర్న్‌డౌన్‌లో అయితే గీత ఆగిందని తెలిసేది, ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. కాకపోతే ఈ చిత్రం క్లయింటుకి అర్థం చేయించడానికి నాకు ఇప్పటికీ చేతకాలేదు.

కార్డుల లెక్క

పాయింట్లు లేవు, గంటలు లేవు. ఎన్ని కార్డులు మిగిలాయి, స్ప్రింట్‌కి ఎన్ని అవుతున్నాయి, అంతే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది.

‘‘ఒక కార్డు రెండు గంటల పని, ఇంకోటి రెండు వారాల పని, రెండూ ఒకటేనా?’’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఒక షరతు ఉంది. మూడు రోజులకి మించి పట్టే కార్డు కనిపిస్తే దాన్ని చీల్చాలి. అలా చీలుస్తూ పోతే తేడాలు సర్దుకుంటాయి. మేము ఆరు స్ప్రింట్లు పాయింట్లూ కార్డులూ రెండూ రాసి చూశాం. రెండు గ్రాఫులూ అచ్చం అన్నదమ్ముల్లా వచ్చాయి. ఏడో స్ప్రింట్ నుంచి పాయింట్ల మీటింగు మానేసి ఆ గంటన్నర మిగుల్చుకున్నాం.

తేదీ చెప్పేటప్పుడు సగటు ఒక్కటే చెప్పకండి. మా నాలుగు స్ప్రింట్లలో మంచిది 8, చెడ్డది 5. మిగిలిన 29ని 8తో భాగిస్తే 4 స్ప్రింట్లు, 5తో భాగిస్తే 6. ‘‘ఎనిమిది నుంచి పన్నెండు వారాలండీ’’ అన్నాను. ‘‘పన్నెండే అనుకుంటాను’’ అన్నారాయన. మిర్చి ధరతో బతికేవాళ్లకి ఒక్క అంకె చెబితేనే అనుమానం.

ఒక్క చూపులో

| పద్ధతి | ఎవరికి చూపించాలి | పని పెరిగితే | రోజూ శ్రమ | అబద్ధం దాక్కునే చోటు |
|---|---|---|---|---|
| గంటల బర్న్‌డౌన్ | టీముకే | గందరగోళం | ఎక్కువ | తీసివేతతో రాసిన గంటలు |
| పాయింట్ల బర్న్‌డౌన్ | టీము, మేనేజరు | టీము పడుకున్నట్టు కనిపిస్తుంది | మధ్యస్థం | ‘అయింది’ అనే మాట |
| బర్న్‌అప్ | క్లయింటు, యజమాని | స్పష్టంగా కనిపిస్తుంది | తక్కువ | సొంత పొరపాట్లు కొత్త పనిలో కలపడం |
| క్యుములేటివ్ ఫ్లో | టీము లీడు | తట్టుకుంటుంది | టూలు ఉంటే తక్కువ | కార్డుని ముందుకు తోసి మరిచిపోవడం |
| కార్డుల లెక్క | అందరికీ | మొత్తం కూడా రాస్తే ఫర్వాలేదు | అతి తక్కువ | కార్డు సైజు |

మీరెవరైతే ఏది

గన్నవరం వైపు టవర్లలో పెద్ద కంపెనీ టీములో ఉండి, పైనుంచి బర్న్‌డౌన్ తప్పనిసరి అని ఆర్డరొచ్చిందా? ఇవ్వండి, గొడవ పడొద్దు. కానీ ‘స్క్రమ్ అంటే బర్న్‌డౌన్ ఉండాల్సిందే’ అంటే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. 2011లోనే స్క్రమ్ నిబంధనలు రాసిన స్క్రమ్ గైడ్ ఆ నిబంధన తీసేసింది. 2020 నాటి గైడ్ బర్న్‌డౌన్, బర్న్‌అప్, క్యుములేటివ్ ఫ్లో మూడింటినీ ఉదాహరణలుగా చెప్పి వదిలేసింది. మీరు వాళ్లకి బర్న్‌డౌన్ పంపుతూనే, మీ కోసం కొత్తగా చేరిన పని ఎంతో పక్కన రాసుకోండి. ఏదో ఒక రోజు అడుగుతారు.

మాలాంటి చిన్న ఆఫీసు, మాట మీద పని పెరిగే క్లయింటు అయితే, క్లయింటుకి బర్న్‌అప్, లోపల కార్డుల లెక్క. రెండింటికీ అంకెలు ఒకటే కాబట్టి రెండోసారి రాసే పని లేదు. మూడో గ్రాఫు పెట్టుకోవద్దు.

సపోర్టు టీముకి క్యుములేటివ్ ఫ్లో. సగం కొత్త పని, సగం సపోర్టు చేసే టీముది అసలు కష్టం. వాళ్లు రెండింటినీ ఒకే గీతలో కలిపితే ఏదీ తేలదు. విడివిడి బోర్డులు పెట్టి, కొత్త పనికి మాత్రమే బర్న్‌అప్ గీయండి.

చివరి ఏడాది ప్రాజెక్టు చేసే ఇంజినీరింగ్ పిల్లలకి, ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్లకి గ్రాఫే వద్దు. గోడ మీద చీటీలు చాలు. వారానికెన్ని చీటీలు దిగుతున్నాయో క్యాలెండర్ మీద రాసుకోండి.

ఇలాంటి బోర్డులు కంప్యూటర్లో పెట్టుకునే టూల్స్ గురించి రెండు మాటలు. జిరాలో బోర్డుకి కుడిచివరి గడిలోకి వచ్చిన కార్డునే అయినట్టు లెక్కేస్తుంది. ‘అయింది’ తర్వాత ‘క్లయింటుకి పంపాం’ అని ఇంకో గడి పెట్టుకుని, గీత ఎందుకు దిగడం లేదని తల పట్టుకున్నవాళ్లని చూశాను. ట్రెల్లోలో బర్న్‌డౌన్ కావాలంటే పవర్‌అప్ అనే అదనపు జోడింపు ఒకటి తగిలించుకోవాలి. మేమింకా స్ప్రెడ్‌షీటే వాడుతున్నాం. తేదీ, అయినవి, మొత్తం అని మూడు నిలువు వరసలు. శుక్రవారం సాయంత్రం ఐదు నిమిషాల్లో నింపి, గ్రాఫు ఫొటో తీసి గుంటూరు వాట్సాప్‌కి పంపేస్తాం. సోమవారం పదిన్నర ఫోన్ ఆగలేదు. కాకపోతే ఇప్పుడు ‘‘ఏందయ్యా, ఈ వారం గీత అంతే లేచిందేంటి?’’ అని మొదలవుతుంది.